కన్నులకు కట్టిన కడలి

విశాఖపట్టణమున కాపురముండువారికందరికిని సముద్రము ముంగిటనే యున్నదని పొరుగూరివారు తలంతురు. అది సగము నిజము మాత్రమే. దేవళమును, దర్గాను, చర్చిని తలకొకటిగా మోయుచున్న మూడు కొండల పాదముల చెంత, డాల్ఫిన్స్ నోస్ అను కొండ చాటున, 1933లో ఓడలకు తెరువబడిన రేవులో బరువులు దించు కార్మికునకు సముద్రమనగా కూలి దొరకు చోటే గాని సేదదీరు చోటు గాదు. ఉక్కు కర్మాగారములో కోక్ ఓవెన్ బ్యాటరీల మీద సీ షిఫ్టు అను రాత్రిపాళీ ముగించుకొని, ఉదయము ఆరుగంటలకు గేటు దాటి, ఇల్లు చేరి, కిటికీకి దుప్పటి కట్టి, వీధిలో కూరలబండి కేకల నడుమ పట్టపగలు నిద్రను బతిమాలుకొనువానికి రామకృష్ణా బీచి పండుగకో పబ్బమునకో పిల్లలను వెంటబెట్టుకొని పోవు తావు. కింగ్ జార్జి ఆస్పత్రి (కె.జి.హెచ్.) వార్డులో కాలిన గాయములతో పడకకు అంటుకొనిపోయిన రోగికి, కూతవేటు దూరములోనే కెరటములు విరుగుచున్నను, అవి లేనట్లే లెక్క. అంతయేల, ఆ బీచి గట్టుననే నిలిపిన కుర్సురా జలాంతర్గామిలోనికి దిగి చూడుడు. 1969 నుండి 2001 వరకు నౌకాదళములో పనిచేసి, 2002లో ప్రదర్శనశాలగా మారిన ఆ యినుప గొట్టములో, ఒకదానిపై నొకటిగా అమర్చిన ఇరుకు పడకల నడుమ, పైపులును మీటలును భుజములకు తగులుచుండగా, దినముల తరబడి బ్రదికిన నావికులు సముద్రగర్భముననే యుండియు సముద్రమును కన్నులార చూడ నోచుకొనలేదు. కిటికీ యన్నది అందులో లేదు.

మనస్సునకు ఒత్తిడి నుండి ఉపశమనము కలిగించుటకై కల్పిత దృశ్యమును, కృత్రిమ మేధను వాడుకొను విద్య నేడు దేశదేశముల పెరుగుచున్నది. దానిని గూర్చి ఆలోచించినపుడెల్ల నాకు మొదట మనసున మెదలువారు వీరే. వర్చువల్ రియాలిటీ యని పేరుబడిన ఆ పరికరము కన్నులకు కట్టుకొను అరకిలో బరువుగల పెట్టె. లోపల రెండు కటకములు, వాని వెనుక తెరలు. కుడికంటికొక చిత్రము, ఎడమకంటికి దానినుండి రవంత తేడాగల మరియొక చిత్రము. తల త్రిప్పినంతనే ఆ కదలికను కొలిచి, చిత్రమును కూడ తదనుగుణముగా త్రిప్పుటలోనే దాని ప్రాణమున్నది; ఇసుమంత ఆలస్యమైనను తల తిరుగును, కడుపులో దేవును. 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ నిర్మించిన తొలి పరికరమును, మనిషి మెడ ఆ బరువు మోయలేదు గనుక, పైకప్పునకు వ్రేలాడదీయవలసి వచ్చెను. నేడది సంచిలో పట్టును. కృత్రిమ మేధ తోడైన పిమ్మట, మణికట్టు పట్టీ తెలుపు నాడివేగమును బట్టి, ఊపిరి తొందరపడినపుడు కెరటముల ఉరవడిని తగ్గించి, చెవిలోని పలుకును మెల్లగించి, మనిషి తీరుకు తగినట్లు దృశ్యమును మార్చుటయు సాధ్యపడుచున్నది.

ఇదంతయు కనికట్టు, దీనివలన కలుగు శాంతి బూటకమని త్రోసిపుచ్చువారు కలరు. వారితో నేను ఏకీభవింపలేను. ఏలయన మన పూర్వులు ఈ విషయమున అంత తొందరపడలేదు. మడికి సింగన తెనుగున వెలయించిన వాసిష్ఠమును, దానికి మూలమైన సంస్కృత గ్రంథమును ఎరిగినవారికి లవణమహారాజు కథ తెలియును. నిండుసభలో ఐంద్రజాలికుడొకడు నెమలికుంచె త్రిప్పెను. రాజు చూపు నిలిచిపోయెను. గుఱ్ఱమొకటి తన్ను ఘోరారణ్యమునకు ఈడ్చుకొనిపోయినట్లును, ఆకలికి తాళలేక చండాలకన్య యిచ్చిన అన్నము తిని ఆమెనే పెండ్లాడినట్లును, బిడ్డలను కని ఏండ్ల తరబడి ఆ అడవిలోనే బ్రదికినట్లును, కఱవు వచ్చి బిడ్డల ఆకలిని చూడలేక అగ్నిలో దూకినట్లును అనుభవించి అతడు మేలుకొనునప్పటికి సభలో గడచినది కొద్దిపాటి సమయమే. చూచినది కల్పితమే కావచ్చును గాని, రాజు పొందిన దుఃఖము కల్పితము కాదు. దుఃఖము విషయమున ఇది సత్యమైనచో శాంతి విషయమున ఏల కాకూడదు? అయితే ఈ కథలో నా మనస్సును మిక్కిలి ఆకర్షించినది తరువాతి ఘట్టము. రాజు ఊరకుండక ఆ అడవిని వెదకికొనుచు పోయెను. అక్కడ కఱవులో తనవారిని పోగొట్టుకొని విలపించు వృద్ధురాలిని చూచి ఆమె గోడును చెవియొగ్గి వినెను. మాయనుండి తేరుకొనినవాడు కష్టమున్న చోటికి నడచిపోయెను. ఈ కొత్త విద్యకు కూడ ఆ నడక ఉండవలెనని నా వాదము.

ముందుగా దాని మంచిని మనసారా చెప్పుకొందము. కాలిన గాయమునకు కట్టు మార్చునపుడు కలుగు బాధను వర్ణింప నలవికాదు. చచ్చిన చర్మమును తొలగించి గాయమును కడుగునపుడు మత్తుమందులు సైతము చాలవు. అమెరికాలో సియాటిల్ నగరమందలి హార్బర్‌వ్యూ ఆస్పత్రిలో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ పాటర్సన్ అను శాస్త్రవేత్తలు 1990 దశకమున అట్టి రోగుల కన్నులకు ఈ పెట్టెను కట్టి చూచిరి. వారు కల్పించిన స్నోవరల్డ్‌లో రోగి మంచులోయ వెంబడి తేలిపోవుచు, మంచుమనుషుల మీదికి, పెంగ్విను పక్షుల మీదికి మంచుగడ్డలు విసరుచుండును. ఆ సమయముననే నర్సు గాయమును కడుగుచుండును. నొప్పి గణనీయముగా తగ్గినదని రోగులు చెప్పిరి. మెదడును చిత్రించు పరీక్షలలో సైతము నొప్పికి సంబంధించిన భాగముల చలనము తగ్గినట్లు కనబడెను. ఇందులో మంత్రమేమియు లేదు. మనిషి అవధానమునకు ఒక హద్దున్నది. నొప్పిని నొప్పిగా అనుభవించుటకు కూడ అవధానము కావలెను. అది మంచులోయలో చిక్కుకొనినపుడు గాయమునకు మిగులునది స్వల్పము. అంతకు ముందే, 1984లో, రోజర్ ఉల్రిక్ అను పరిశోధకుడు పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకొనినవారి ఆస్పత్రి లెక్కలను పరిశీలించి, కిటికీలోనుండి చెట్లు కనబడినవారు, ఇటుకగోడ మాత్రమే కనబడినవారికంటె త్వరగా ఇల్లు చేరిరనియు, బలమైన నొప్పిమందులు తక్కువ వాడిరనియు ప్రకటించెను. నాలుగు చెట్లు కనబడు కిటికీకే ఇంత శక్తి యున్నపుడు, కిటికీ లేనివానికి కిటికీని కల్పించి యిచ్చు సాధనమును తక్కువచేసి మాటలాడుట న్యాయము కాదు.

మా మేనమామ కోక్ ఓవెన్లలో పనిచేసి పదవీ విరమణ చేసి గాజువాకలో నుండును. బొగ్గును గాలి సోకనీయక వేయి డిగ్రీలకు పైబడిన వేడిలో కోకుగా మార్చు ఆ బ్యాటరీల హోరు ఆయన చెవులలో నేటికిని నిలిచియే యున్నది. రాత్రి ఇల్లు సద్దుమణగిన పిమ్మట అది మరింత పెరుగునని చెప్పును. ఋషికొండ మీద సాఫ్టువేరు కొలువు చేయు మా పిల్లవాడొకడు ఈ పరికరమును తెచ్చి ఆయనకు తొడిగెను. మొదట కళ్లద్దాలు అడ్డము వచ్చినవి. అవి తీసి, తలవెనుక పట్టీని సడలించి, నురుగుమెత్త కనుబొమలకు ఆనునట్లు సరిచేసిన పిదప, ఆయన కొంతసేపు కదలక కూర్చుండెను. తరువాత తల మెల్లగా ఎడమకు త్రిప్పెను, కుడికి త్రిప్పెను, చేయి చాచి లేని నీటిని తాకబోయి మోకాలిమీదికి దించుకొనెను. "ఒరే, సముద్రం బాగానే అగుపడతంది గానీ, గాలి నేదేటిరా?" అనెను. పిల్లవాడు పోయి ఫ్యాను వేగము పెంచెను. తీసిన పిమ్మట మెత్త ఆనిన చోట ఎఱ్ఱని గీత ఏర్పడియుండెను, చెమట పట్టియుండెను. ఎట్లున్నదని అడుగగా, "కాసేపు చెవిలో హోరు వినపడనేదు. ప్లాంటు గుర్తుకు రానేదు" అని మాత్రము చెప్పెను. జీవితమంతయు మోసిన ఒక ధ్వని కొద్దిసేపైనను ఆగుట ఎంతటి వరమో ఆయన ముఖమున కనబడినది. ఆ క్షణము నుండి ఈ విద్యను గూర్చి చులకనగా మాటలాడుటకు నాకు నోరు రాదు.

అయినను ఒక భేదమును విస్మరింపరాదు. మామయ్య చెవిలోని హోరు ఇక మాన్పుటకు వీలుగానిది. కాలిన గాయపు నొప్పి ఆ పూటకు తప్పనిది. తప్పనిదానికి ఉపశమనము ధర్మము. తప్పింపదగినదానికి ఉపశమనమును మాత్రమే ఇచ్చి ఊరకొనుట వేరు. పాతనగరములో రేవు సమీపమున కాపురముండు ఇల్లాలు ఉదయము తుడిచిన అరుగుమీద సాయంకాలమునకు మరల నల్లని బొగ్గుపొడి వ్రేలికి అంటుకొనును. ఆరవేసిన చీరలను దులిపి మడతపెట్టవలయును. పిల్లవానికి దగ్గు వచ్చినపుడెల్ల ఆమెకు గుండె గుభేలుమనును. ఆమె కలవరము మనోవ్యాధి కాదు, కన్నులతో చూచినదానికి బుద్ధి చెప్పుచున్న సమాధానము. ఆమెకు కావలసినది బొగ్గు గుట్టలమీద కప్పు, నీటి చిలకరింపు, మూతగల రవాణా. అట్లే 2021 జనవరిలో కేంద్రప్రభుత్వము ఉక్కు కర్మాగారములోని తన వాటాలనన్నిటిని అమ్మివేయుటకు నిశ్చయించినపుడు ఉక్కునగరములోని వేలాది కుటుంబములకు నిద్ర దూరమాయెను. ఇంటి అప్పు, పిల్లల చదువు, ఆడపిల్ల పెండ్లి, అన్నియు ఆ యొక్క వార్తకు ముడిపడియుండెను. కూర్మన్నపాలెము కూడలిలో శిబిరము వేసి రిలే నిరాహార దీక్షలు సాగించినవారిని చూచినపుడు నాకొకటి తోచినది: ఇంట ఒంటరిగా పైకప్పు చూచుచు పడియుండునపుడు కలుగు భయము, తోటివారి నడుమ కూర్చుండి, అదే భయమును పదిమంది నోట వినునపుడు, భయముగా ఉండక పనిగా మారుచున్నది. 2025 జనవరిలో కర్మాగారమునకు ప్రకటించిన 11,440 కోట్ల రూపాయల సాయము అప్పులను అన్నిటిని తీర్పకపోవచ్చును. కాని ఆ దినమున ఉక్కునగరపు ఇండ్లలో కలిగిన ఊరట ఏ కల్పిత తీరమును కల్పింపజాలనిది.

సింహాచలమున అప్పన్నస్వామి ఉగ్రమూర్తి యనియు, ఆ ఉగ్రతను చల్లార్చుటకే ఏడాది పొడవునను చందనము పూయుదురనియు మా ప్రాంతపు జనులు చెప్పుకొందురు. ఆ చల్లదనమునందు ఎవరికిని అనుమానము లేదు. అయితే ఏటేట అక్షయతృతీయనాడు ఆ చందనమును ఒలిచి స్వామి నిజరూపమును లోకమునకు చూపుదురు. తెల్లవారుజాము నుండి కొండ క్రిందివరకు బారులు తీరిన జనులు ఆ రూపమునే కోరి వత్తురు. కర్మాగారములోనో, కార్యాలయములోనో ఈ పరికరమును ఉద్యోగులకు పంచదలచిన యజమానులు కూడ ఇట్టి దినమును ఒకదానిని ఏర్పాటుచేసికొనవలెను. వరుసగా మూడు రాత్రిపాళీలు వేయుట తప్పనిసరియా, ఖాళీయైన ఉద్యోగములను నింపక ఉన్నవారిచేతనే ఇద్దరి పని చేయించుట న్యాయమా, ఒకే కొలిమి ముందు నిలిచిన కాంట్రాక్టు కార్మికునకును పర్మనెంటు కార్మికునకును జీతములో అంత అంతరమేల, అను ప్రశ్నలను ఆనాడు బాహాటముగా అడుగనీయవలెను.

ఇక మాటలాడు యంత్రము సంగతి. 1966లో అమెరికాలో ఎం.ఐ.టి. అను విద్యాసంస్థలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా యను కంప్యూటరు ప్రోగ్రామును వెలువరించెను. ఎదుటివారు చెప్పిన వాక్యమునే కొంచెము త్రిప్పి ప్రశ్నగా అడుగుట తప్ప దానికి మరేమియు తెలియదు. అయినను, అది యెట్లు తయారగుచున్నదో నెలల తరబడి కన్నులార చూచిన ఆయన కార్యదర్శినియే, దానితో మాటలాడుటకు కూర్చుండి, తనను ఒంటరిగా వదలి గది విడిచి పొమ్మని ఆయనను కోరెను. ఆయన దానికి మిక్కిలి కలతచెంది, మనిషి తన బాధను వినువారికొఱకు ఎంతగా తపించుచున్నాడో గ్రహించి, యంత్రములకు అప్పగింపరాని పనులను గూర్చి తరువాత గ్రంథమునే వ్రాసెను. ఎలైజా వెలువడిన ఆ 1966లోనే మన తెలుగుదేశమున ఊరూరను 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అను నినాదము మారుమ్రోగినది. అమృతరావు అను ఉద్యమకారుడు నిరాహారదీక్ష పూనెను. ఆ ఉద్యమములో విద్యార్థులు, సామాన్యులు 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖకు కర్మాగారమును ప్రకటించెను. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన నాకు కలుగు ఆలోచన యిది: ఎలైజా ఎదుట కూర్చున్నవారి గోడు ఆ గదిలోనే నిలిచిపోయినది, వీధిలో పదిమంది విన్న గోడు కొలిమిగా మండినది. వినువారెవరను దానిమీదనే గోడు ఎచటికి పోవునో ఆధారపడియుండును.

అయినను యంత్రముతో చెప్పుకొనువానిని తప్పుపట్టను. మా ఊరిలో వాల్తేరు మానసిక వైద్యాలయమును 'పిచ్చాసుపత్రి' యని తప్ప వేరుగా పిలిచినవారిని నా చిన్నతనములో ఎరుగను. తలుపు తట్టినవానికి ఆ పేరు జీవితాంతము అంటుకొనును. పెండ్లి సంబంధములు తప్పిపోవును. అందుచేతనే నిద్రపట్టనివాడు వైద్యుని యొద్దకు పోయినను 'గుండె దడగా ఉంది', 'తల దిమ్ముగా ఉంది', 'తిన్నది ఒంటబట్టడం లేదు' అనుచు దేహముమీద పెట్టియే చెప్పుకొనును. అట్టివానికి అర్ధరాత్రివేళ ఎవరికిని తెలియకుండ, ఛీత్కారము లేకుండ వినునది యొకటి చేతి ఫోనులోనే దొరకుట మేలే. ఆ మేలు అంతటితో ఆగక మనిషి యొద్దకు చేర్చు మెట్టు కావలెను. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలీ మానస్ సేవలో 14416కు ఫోను చేసినచో తెలుగునను మాటలాడు మనిషి దొరకును, పైసా ఖర్చు లేదు. ఈ సంఖ్యను కర్మాగారపు గేటు దగ్గర, రేవు క్యాంటీనులో, హాస్టలు గోడలమీద పెద్ద అక్షరములతో వ్రాయించుట వేయి పరికరములను కొనుటకంటె ముందు చేయవలసిన పని.

గోప్యతను గూర్చి నేను మొండిగానే మాటలాడెదను. ఈ పెట్టె మనకు చూపుటయే కాదు, మనలను చూచును కూడ: చూపు ఎచట నిలిచినది, ఎచట తొట్రుపడినది, నాడి ఎప్పుడు ఎగసినది, చెవిలోని యంత్రమునకు ఏమి చెప్పుకొంటిమి, అన్నియు ఎక్కడనో వ్రాయబడును. పరికరమును యజమాని కొనిపెట్టినను ఆ వ్రాత యజమాని బల్లమీదికి పోరాదు. 'ఇతడు మనోధైర్యము తక్కువవాడు' అని తెలిసికొన్న అధికారి అతనిని క్రేను మీదనుండి దింపివేయునేమో యను భయము కలిగినచో, ఏ కల్పిత కెరటమును ఆ కార్మికుని గుండెను నెమ్మదింపజేయలేదు. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ రాబోవు అయిదేండ్లలో పదునైదు వందల కోట్ల డాలర్లతో కృత్రిమ మేధా కేంద్రమును ఇచటనే నెలకొల్పుదునని ప్రకటించినది. ఆ యంత్రములును వేడెక్కును, వానికిని చల్లదనము కావలెను, విద్యుత్తు కావలెను. లోకపు మాటలనన్నిటిని మోయు యంత్రములు మన ఊరిలో వెలయబోవు తరుణమున, మన ఊరివాని మాట ఎవరి సొత్తు అను ప్రశ్నను అడుగుటకు మనకు ప్రత్యేకముగా హక్కు కలదు.

ఇంతకును నా కోరిక ఎక్కడ మొదలైనదో అక్కడికే వత్తును. 2012 జూన్‌లో ఉక్కు కర్మాగారమున ఆక్సిజను విస్ఫోటము జరిగి పలువురు కాలిపోయిన నాటి రాత్రిని ఈ ఊరు మరువలేదు. దీపపు చమురు అంటుకొని కాలినవారు, వంటగ్యాసు పేలి కాలినవారు ఉత్తరాంధ్ర నలుమూలల నుండి కె.జి.హెచ్.కే వత్తురు. ఈ పరికరము మొట్టమొదట చేరవలసినది ఆ వార్డుకు. ముఖము కాలినవారికి పెట్టె కట్టుట కుదరదు గనుక, సియాటిల్‌వారు చేసినట్లు, దానిని లోహపు చేతికి బిగించి, చర్మమునకు తగులకుండ కన్నుల యెదుట నిలుపవలయును. మెత్తను రోగి రోగికిని మార్చవలయును, క్రిమిసంహారకముతో తుడువవలయును. చూపవలసిన దృశ్యమును గూర్చి కూడ తొందర కూడదు. మంచు కురియుటను ఎన్నడును చూడని పల్లెపడుచుకు పెంగ్విను పక్షులేల? లంబసింగిలో పుష్యమాసపు వేకువ, చెట్లకొమ్మలనుండి మంచునీరు రాలుచుండగా పొగమంచులో నడచుట చాలును. అరకు పోవు రైలు సొరంగము వెంట సొరంగము దాటుచు లోయమీదికి వచ్చుట చాలును. భీమిలి జాలరికి మాత్రము సముద్రమును చూపరాదు; అతనికది మరపడవ మీది అప్పును, చిరిగిన వలను గుర్తుచేయును. అతని నడిగి, అతడు కోరినదానినే చూపవలయును. ఇట్టి దృశ్యములను చిత్రింపగల యువకులు ఋషికొండమీద కలరు. ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో మనస్తత్త్వమును బోధించువారు కలరు. 1923లో స్థాపింపబడిన ఆంధ్ర వైద్యకళాశాల ఆ ఆస్పత్రి ప్రక్కనే యున్నది. వీరు ఒకచోట కూర్చుండుటయే తరువాయి. ఆ వార్డులో ప్రతిదినము గాయములు కడుగుచు, ఆ కేకలను వినుచు, ఇంటికి పోయినను అవి చెవులను విడువక బాధపడు నర్సును కూడ ఆ బల్లయొద్దకు పిలువవలయును. పరికరము వచ్చిన నాడు దానిని ఏ రోగికి ఎప్పుడు తొడుగవలెనో, ఎప్పుడు తీయవలెనో నిర్ణయించు అధికారము ఆమెదే కావలెనని నా కోరిక.